టీవీ చానెళ్ల సరౌండ్ ధ్వని సౌండ్‌బార్‌లో నిజంగా వినాలంటే

కడపలో మా ఇంటి హాలులో సౌండ్‌బార్ బిగించడానికి వచ్చిన కుర్రాడు టీవీ వెనక ఆప్టికల్ కేబుల్ గుచ్చి, రిమోట్‌తో శబ్దం పెంచి, "సౌండ్ వస్తాంది కద సార్" అని వెళ్లిపోయాడు. శబ్దం వచ్చిన మాట నిజమే. వెనక గోడకు తగిలించిన రెండు చిన్న స్పీకర్లు కూడా మోగుతూనే ఉన్నాయి. ఐదు నెలల తర్వాత ఒక క్రికెట్ మ్యాచ్ చూస్తున్నప్పుడు వ్యాఖ్యాత గొంతు ముందు నుంచీ వెనక నుంచీ ఒకేలా వినిపిస్తోందని అనుమానం వచ్చి, సౌండ్‌బార్ రిమోట్‌పై సమాచారం చూపే బటన్ నొక్కితే, చిన్న తెరపై "పీసీఎం" అన్న అక్షరాలు కనిపించాయి. అంటే అన్నాళ్లూ నాకు అందినది మామూలు స్టీరియో. దాన్నే సౌండ్‌బార్ అన్ని స్పీకర్లకూ పంచి పెడుతోంది.

చుట్టూ వినిపించే సరౌండ్ ధ్వనికి టీవీ ప్రసారాలలో వాడే రూపం 5.1. అంటే ముందు ఎడమ, మధ్య, కుడి, ఆపైన పక్కనో వెనకో ఉండే ఎడమ, కుడి కలిపి ఐదు ధ్వని ధారలు, వాటికి తోడు సబ్‌వూఫర్ కోసం లోతైన శబ్దాలు మాత్రమే మోసే ఆరో ధార. (వీటినీ చానెళ్లనే అంటారు గాని, టీవీ చానెళ్లతో తికమక కలగకుండా ఇక్కడ ధారలు అంటాను.) ప్రసారంలో ఈ ఆరూ సాధారణంగా డాల్బీ డిజిటల్ లేదా డాల్బీ డిజిటల్ ప్లస్ రూపంలో కుదించి వస్తాయి. ఇవి దొరికేది కొన్ని హెచ్‌డీ చానెళ్లలోనే, అది కూడా ఆ కార్యక్రమాన్ని 5.1లో కూర్చినప్పుడే. వార్తలు, ధారావాహికలు, పాత సినిమాలు చాలావరకు రెండు ధారలకే పరిమితం కనుక, వాటిని పెట్టుకుని సౌండ్‌బార్‌ను పరీక్షిస్తే లేని లోపం ఉన్నట్టు తోస్తుంది. డాల్బీ గుర్తు కనబడినంత మాత్రాన ఆరు ధారలు ఉన్నట్టు కాదు; అదే రూపంలో ఉత్త స్టీరియోను కూడా పంపవచ్చు.

మొదట చూడవలసినది సెట్‌టాప్ బాక్స్. దాని నుంచి టీవీకి ఎరుపు, తెలుపు, పసుపు పిన్నుల పాత కేబుల్ వెళుతుంటే పసుపు పిన్ను బొమ్మను, మిగిలిన రెండూ ఎడమ కుడి ధ్వనిని మోస్తాయి కనుక, బొమ్మనూ ధ్వనినీ ఒకే తీగలో మోసే హెచ్‌డీఎంఐ కేబుల్ వేసుకోనిదే సరౌండ్ మాట ఎత్తనక్కరలేదు. హెచ్‌డీఎంఐ ఉన్నవారు బాక్స్ మెనూలో ఆడియో అమరికలు తెరిచి, "స్టీరియో" లేదా "పీసీఎం" అని ఉంటే దాన్ని "డాల్బీ", "బిట్‌స్ట్రీమ్", "పాస్‌త్రూ" అనే వాటిలో ఏది కనబడితే దానికి మార్చాలి. ఆ తర్వాత చానెల్ పెట్టి ఆడియో భాషల జాబితా కూడా చూడాలి, ఎందుకంటే ఒకే చానెల్‌లో ఒక భాష ట్రాక్ డాల్బీలో, మరో భాష ట్రాక్ మామూలు స్టీరియోలో ఉండవచ్చు. తెలుగు వ్యాఖ్యానం కావాలా, చుట్టూ వినిపించే జనఘోష కావాలా అని తేల్చుకోవలసిన సందర్భం కూడా వస్తుంది. మా ఇంట్లో తెలుగే గెలుస్తుంది.

అసలు చిక్కంతా బాక్స్‌కూ సౌండ్‌బార్‌కూ మధ్య నిలబడిన టీవీతోనే వస్తుంది. హెచ్‌డీఎంఐతో కలిపిన ప్రతి పరికరమూ తాను ఎలాంటి ధ్వనిని తీసుకోగలదో అవతలి పరికరానికి ముందుగానే చెబుతుంది. టీవీ తనకున్న రెండు స్పీకర్లను చూసుకుని "నాకు స్టీరియో చాలు" అని చెబితే, "ఆటో"లో ఉన్న బాక్స్ అదే పంపుతుంది. ఆ పైన ఎంత ఖరీదైన సౌండ్‌బార్ పెట్టినా పోయిన నాలుగు ధారలూ తిరిగి రావు. కాబట్టి టీవీ అమరికల్లో ధ్వని బయటకు వెళ్లే మార్గాన్ని హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ (టీవీ నుంచి ధ్వనిని హెచ్‌డీఎంఐ కేబుల్ గుండానే సౌండ్‌బార్‌కు తిప్పి పంపే ఏర్పాటు) అని, డిజిటల్ ఆడియో రూపాన్ని "పాస్‌త్రూ" లేదా "ఆటో" అని పెట్టాలి. కేబుల్‌ను కూడా "ఏఆర్‌సీ" అని రాసి ఉన్న పోర్టులోనే గుచ్చాలి. చాలా టీవీలలో అలాంటిది ఒక్కటే ఉంటుంది. హెచ్‌డీఎంఐతో కలిపిన పరికరాలు ఒకదాన్నొకటి నడిపించుకునే సీఈసీ అనే సౌకర్యం ఆన్‌లో లేకపోతే చాలా టీవీలలో ఏఆర్‌సీ పలకదు. ఈ సీఈసీనే శామ్‌సంగ్ ఎనీనెట్ ప్లస్ అని, ఎల్‌జీ సింప్లింక్ అని, సోనీ బ్రావియా సింక్ అని పిలుస్తాయి.

మా కుర్రాడు వేసిన ఆప్టికల్ కేబుల్ డాల్బీ డిజిటల్ 5.1ను మోయగలదు గాని డాల్బీ డిజిటల్ ప్లస్‌ను మోయదు. ప్లస్ రూపంలో వచ్చిన ప్రసారాన్ని మామూలు డాల్బీకి మార్చి పంపే టీవీలు కొన్ని ఉన్నాయి. మాది మాత్రం స్టీరియోగా కుదించి చేతులు దులుపుకుంది.

సౌండ్‌బార్‌కు "హెచ్‌డీఎంఐ ఇన్" అనే పోర్టు విడిగా ఉన్నవారికి ఇంతకంటే సులువైన దారి ఉంది, మా ఇంట్లో పని చేసిందీ అదే. బాక్స్ నుంచి వచ్చే కేబుల్‌ను టీవీలో కాక నేరుగా సౌండ్‌బార్ ఇన్ పోర్టులో పెట్టి, సౌండ్‌బార్ అవుట్ పోర్టు నుంచి మరో కేబుల్‌ను టీవీ ఏఆర్‌సీ పోర్టుకు కలపాలి. అప్పుడు ధ్వని ముందుగా సౌండ్‌బార్‌కే చేరుతుంది, బొమ్మ దాని గుండా టీవీకి వెళుతుంది. బాక్స్ 4కేది అయితే మాత్రం 4కే బొమ్మను అలా దాటించగల సౌండ్‌బార్ కావాలి.

కొత్తగా కొనేవారికి దుకాణంలో "ఇ-ఏఆర్‌సీ ఉంటేనే సరౌండ్" అని చెబుతారు. 2009 నాటి హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చిన మామూలు ఏఆర్‌సీయే డాల్బీ డిజిటల్‌ను, ప్లస్‌ను మోయగలదు. 2017లో హెచ్‌డీఎంఐ 2.1తో వచ్చిన ఇ-ఏఆర్‌సీ బ్లూ-రే డిస్కులలోని కుదించని నాణ్యత గల ధ్వనికి అవసరం. టీవీ ప్రసారాల కోసమే అయితే దానికి అదనపు డబ్బు పెట్టడం దండగ అని నా అభిప్రాయం.

అన్నీ కలిపాక సౌండ్‌బార్ తెరపై "డాల్బీ" లేదా "డీడీ ప్లస్" అని రావాలి. దానితో తృప్తి పడకుండా, సౌండ్‌బార్‌ను స్టీరియోను కూడా అన్ని వైపులా పరిచే మోడ్‌ల నుంచి తప్పించి "స్టాండర్డ్"లో ఉంచి, మ్యాచ్ నడుస్తుండగా వెనక స్పీకర్ దగ్గర చెవి పెట్టి వినండి. 5.1 ప్రసారంలో సాధారణంగా వ్యాఖ్యానం మధ్య ధారలో ఉంటుంది కనుక, అక్కడ మైదానంలోని జనం హోరు తప్ప మాటలు వినిపించకూడదు. నేను మొదటిసారి అలా విన్నప్పుడు అభిమానుల బూర శబ్దం ఒక్కటే వచ్చింది, వ్యాఖ్యాత ఎక్కడో గది అవతల మాట్లాడుతున్నాడు.

ఇక గది సంగతి. మా హాలు నేలంతా పాలిష్ పట్టిన కడప నల్లబండలే. వేసవిలో కాళ్లకు చల్లగా ఉంటాయి గాని, శబ్దాన్ని అద్దం వెలుగును తిప్పికొట్టినట్టు తిప్పికొడతాయి. సౌండ్‌బార్‌కూ సోఫాకూ మధ్య మా అత్తగారి పాత జంపఖానా పరిచిన రోజు నుంచి మాటలు స్పష్టంగా వినిపిస్తున్నాయి. వెనక స్పీకర్లు లేకుండా పక్క గోడల మీద ధ్వనిని కొట్టి సరౌండ్ భ్రమ కలిగించే రకం కొన్నవారికి మాత్రం గట్టి గోడలే మేలు. హాలు ఒక వైపు వరండాలోకి తెరుచుకుని ఉంటే ఆ వైపు ప్రభావం పోతుంది. ధ్వని మీటరు దూరానికి దాదాపు 3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది కనుక, ఒక వెనక స్పీకర్ మరీ దగ్గరగా ఉంటే సౌండ్‌బార్ అమరికల్లో దాని దూరాన్ని సరిచేయాలి, ఆ సౌకర్యం లేకపోతే దాని శబ్దాన్నైనా తగ్గించాలి. పెదవుల కదలిక కంటే మాట వెనకబడితే టీవీలోనూ సౌండ్‌బార్‌లోనూ ఉండే ఆడియో డిలేను సున్నాకు తేవాలి; మాటే ముందు వస్తుంటే దాన్ని కొంచెం కొంచెంగా పెంచాలి.

కరెంటు పోయి వచ్చినప్పుడు మూడు పరికరాలూ ఒకేసారి మేలుకొని, ఒకదాని మాట ఒకదానికి అందక స్టీరియోలోనే ఆగిపోవచ్చు. అప్పుడు అన్నీ ఆపి, ముందు టీవీని, తర్వాత సౌండ్‌బార్‌ను, చివరగా బాక్స్‌ను ఆన్ చేస్తే చాలాసార్లు సర్దుకుంటుంది. బాక్స్ సాఫ్ట్‌వేర్ రాత్రిపూట తనంతట తాను మారినప్పుడు ఆడియో అమరిక మళ్లీ స్టీరియోకు వెళ్లిపోవడం మా ఇంట్లో రెండుసార్లు జరిగింది. అందుకే తెరపై మళ్లీ "పీసీఎం" కనబడితే కేబుళ్లు పీకే ముందు బాక్స్ మెనూ ఒకసారి తెరిచి చూస్తాను.