శ్రీలంక ఎన్నికను మన వైపు నుంచి ఎలా చూడాలి

స్కూల్లో సోషల్ చెప్పేటప్పుడు పిల్లలతో ఇలా చేయించేదాన్ని. ముందు మ్యాపులో తమిళనాడుకూ శ్రీలంకకూ మధ్య ఉన్న పాక్ జలసంధి మీద వేలు పెట్టండి. రామేశ్వరం జాలర్ల బతుకంతా అక్కడే. సముద్రం అడుగును ఊడ్చేసే ట్రాలింగ్‌ను శ్రీలంక 2017లో నిషేధించింది. శ్రీలంక ఉత్తరాన జాఫ్నా వైపు తమిళ జాలర్లకూ ఆ చేపలే తిండి. అందుకే కొలంబోలో ఎవరు గెలిచినా మన జాలర్లకూ వాళ్లకూ మధ్య ఈ చేపల గొడవ వెంటనే తీరుతుందని ఆశపడకండి. చేపల కోసం పడవెక్కినవాళ్లు అక్కడ జైలుపాలైతే ఇంట్లో ఆడవాళ్ల టెన్షన్ తలచుకుంటే నాకు గుండె బరువెక్కుతుంది.

తర్వాత శ్రీలంక దక్షిణ తీరంలోని హంబన్‌టోట రేవు. చైనా కంపెనీకి 99 ఏళ్ల లీజులో ఉంది. అందుకే అక్కడ గెలిచినవాళ్లు ఢిల్లీతో, బీజింగ్‌తో ఎలా ఉంటారన్నది మనం చూసుకోవాలి.

ప్రచారంలో మాటల కంటే గెలిచాక ప్రయాణాలు చూడండి. 2024 సెప్టెంబరులో అధ్యక్షుడిగా గెలిచిన అనుర కుమార దిసనాయకే డిసెంబరులో మొదట ఢిల్లీ వచ్చారు, జనవరిలో బీజింగ్ వెళ్లారు. రెండు చోట్లా ఏం ఒప్పుకున్నారో పక్కపక్కనే రాసుకోండి.