అద్దింటికి అడ్వాన్సు ఇచ్చే ముందు చుట్టుపక్కల కొట్లు చూడండి

హైదరాబాద్‌లో కొత్త ఏరియా గురించి బ్రోకర్ చెప్పనివి అక్కడి కొట్లే చెప్పేస్తాయి. అయితే మెయిన్ రోడ్డును లెక్కలోకి తీసుకోవద్దు. అక్కడి షాపులు నడిచేది దారిన పోయేవాళ్ల మీద. అమీర్‌పేట మెట్రో దగ్గరి బట్టల షోరూములు చూసి వెనక గల్లీలను అంచనా వేయలేం. అక్కడంతా హాస్టళ్లు, జిరాక్స్ సెంటర్లు, టిఫిన్ బండ్లు. చూడబోయే ఇంటి నుంచి నాలుగు వైపులా పది నిమిషాలు నడవండి. ఒకసారి పొద్దున ఏడింటికి, ఇంకోసారి రాత్రి ఎనిమిదింటికి.

ముందు కిరాణా కొట్టుకెళ్లి బియ్యం ఎలా అమ్ముతున్నారో చూడండి. 26 కిలోల బస్తాలు పేర్చి ఉంటే నెల సరుకు ఒకేసారి వేయించుకునే కుటుంబాలున్నట్టు. (ప్యాక్ చేసిన బియ్యానికి 25 కిలోల దాకా 2022 జులైలో 5 శాతం జీఎస్టీ పడింది, అందుకే ఆ పై కిలో.) కిలో, అరకిలో తూచి ఇస్తూ, గుమ్మానికి షాంపూ పొట్లాల దండలు వేలాడుతుంటే ఏ రోజు కూలి ఆ రోజుకే సరిపోయే ఇళ్లు ఎక్కువ. గల్లా పక్కన ఖాతా పుస్తకం కనిపిస్తే మాత్రం పేదరికం అనుకోకండి. ఇల్లు ఖాళీ చేసి పోయేవాడికి ఎవరూ అరువివ్వరు, కాబట్టి అక్కడివాళ్లు స్థిరంగా ఉంటున్నారన్నమాట. ‘అరువు రేపు’ బోర్డును పట్టించుకోనక్కర్లేదు, అది లేని కొట్టెక్కడ?

కర్రీ పాయింట్ ఒక్కటే చూస్తే పొరపాటు పడతారు. పక్కన హాస్టల్ బోర్డులుంటే బ్యాచిలర్లు; ప్లే స్కూలు ఉంటే భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకెళ్లే ఇళ్లు. పిండి గిర్నీ, బ్లౌజులు కుట్టే టైలర్, ట్యూషన్ బోర్డు ఒకే గల్లీలో ఉంటే పాత కుటుంబాల వీధి.

గోల్డ్ లోన్ బ్రాంచీలు వ్యాపారులుండే చోటా ఉంటాయి, వాటితో ఏమీ తేలదు. గల్లీ లోపల రెండు మూడు తాకట్టు కొట్లుంటే చేతిలో డబ్బు ఆడట్లేదని అనుకోవచ్చు. 20 లీటర్ల క్యాన్లు నింపే ప్లాంట్లు ఎక్కువైతే నల్లా ఎన్ని రోజులకోసారి వస్తుందో, బోరు నీళ్లు ఎలా ఉంటాయో ఇస్త్రీ బండి దగ్గర అడగండి. ఓనర్‌ని అడిగితే ‘నీళ్లకు ఢోకా లేదు’ అంటాడు. వైన్స్ పక్కన పర్మిట్ రూమ్ (కొన్న మందు అక్కడే కూర్చుని తాగే గది) ఉంటే రాత్రి ఎనిమిదింటి నడక అటువైపే పెట్టుకోండి.

సిమెంటు, టైల్స్, శానిటరీ షాపులు వరసగా ఉంటే ఆ ఏరియాలో ఇళ్లు ఇంకా లేస్తున్నాయి. దుమ్ము, లారీలు తప్పవు. టు-లెట్ పెట్టిన షట్టర్లు చాలా కనిపిస్తే, ఏడాదిలో ఎంతమంది మారారో పక్క షాపువాణ్ని అడిగి తెలుసుకుని, ఆ తర్వాతే అద్దె బేరానికి కూర్చోండి.