సికిల్ సెల్ జీన్‌ని ఎలుక జీన్‌తో పోల్చి చూడటం ఎలా?

రాయగడ, గుణుపురం, కోరాపుట్ వైపు మనవాళ్లకి సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు) గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ జబ్బు జీన్‌ని, ఎలుకలో దానికి సరిజోడుగా ఉన్న జీన్‌ని పక్కపక్కన పెట్టి చూడటానికి ల్యాబ్ కూడా అక్కర్లేదు. ఫోనూ, మధ్యలో ఆగిపోని నెట్టూ ఉంటే చాలు.

ముందు ఎన్‌సీబీఐ (అమెరికా ప్రభుత్వ జీన్ సమాచార కేంద్రం) సైట్‌లో 'జీన్' విభాగానికెళ్లి హెచ్‌బీబీ (HBB) అని ఇంగ్లీషులో కొట్టండి. సికిల్ సెల్‌లో పాడయ్యే జీన్ అదే, రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌లో ఒక భాగమైన బీటా గ్లోబిన్‌ని తయారుచేస్తుంది. బోలెడు జంతువులవి వస్తాయి, వాటిలో మనిషిది తెరిస్తే 11వ క్రోమోజోమ్ అని కనిపిస్తుంది. చిట్టెలుకలో అది 7వ క్రోమోజోమ్ మీద ఉంటుంది, పైగా పెద్దయ్యాక పనిచేసే బీటా గ్లోబిన్ జీన్లు దానికి రెండు. జాతి పేరు 'మస్ మస్కులస్' అని ఉందో లేదో చూసుకోండి, 'రాటస్' అంటే వేరే జాతి.

తర్వాత యూనిప్రాట్ (ప్రోటీన్ల వివరాలుండే సైట్)లో మనిషి బీటా గ్లోబిన్ ప్రోటీన్ పీ68871, ఎలుకది పీ02088 వెతికి, రెండింటికీ టిక్ పెట్టి 'అలైన్' నొక్కండి. రెండూ 147 అమైనో ఆమ్లాలే, సుమారు 80 శాతం ఒకేలా ఉంటాయి. చాలామంది ఆ శాతం చూసి 'అబ్బో, ఒకటేగా' అని పేజీ మూసేస్తారు, అసలు చూడాల్సింది ఆ తర్వాతే.

మొదటి వరస వేలు పెట్టి చదవండి. మనిషిది: ఎం వీ హెచ్ ఎల్ టీ పీ ఈ ఈ కే. ఎలుకది: ఎం వీ హెచ్ ఎల్ టీ డీ ఏ ఈ కే. సికిల్ సెల్‌లో మారేది 7వ అక్షరం, అక్కడ 'ఈ' అంటే గ్లుటామిక్ ఆమ్లం పోయి 'వీ' అంటే వాలీన్ వస్తుంది. (పాత పుస్తకాల్లో 6వ స్థానం అని ఉంటే టెన్షన్ పడకండి, మొదటి 'ఎం'ని వాళ్లు లెక్కపెట్టరు.) ఎలుకకి సరిగ్గా అక్కడ అలనీన్ ఉంది, దాని ముందు అక్షరమూ వేరే. అంటే జబ్బుకి కీలకమైన చోటే రెండూ కలవవు! పైగా ఎలుక ఆల్ఫా గ్లోబిన్ (హిమోగ్లోబిన్‌లో రెండో భాగం) పక్కనుంటే మనిషి సికిల్ హిమోగ్లోబిన్ కూడా కణాన్ని వంచేసే గొలుసులు అంత తేలిగ్గా కట్టదు. అందుకే 1997లో శాస్త్రవేత్తలు ఎలుక సొంత గ్లోబిన్ జీన్లని పనిచేయకుండా చేసి, మనిషివి పెట్టి సికిల్ ఎలుకల్ని తయారుచేశారు.

చివరగా ఎంజీఐ (ఎలుకల జీన్ల సమాచారం ఉండే) సైట్‌లో ఆ ఎలుకల లక్షణాలు చదవండి. ఒకటి మాత్రం గమనించండి: మనిషి బిడ్డకి కడుపులో ఉన్నప్పుడు పనిచేసే గామా గ్లోబిన్‌కి సరిపడేది మామూలు ఎలుకకి లేదు. హైడ్రాక్సీయూరియా లాంటి సికిల్ సెల్ మందులు ఎక్కువగా గామా గ్లోబిన్‌తో తయారయ్యే ఆ పాత హిమోగ్లోబిన్‌నే మళ్లీ పెంచుతాయి కాబట్టి, 'ఎలుకల్లో పనిచేసింది' అన్న వార్త కనబడితే అందులో ఏ రకం ఎలుకని వాడారో ముందు వెతకండి.