ఎండాకాలం ల్యాబ్‌లో బఫర్ కలిపే ముందు

నీటి కాఠిన్యం పరీక్షకు కావలసిన పీహెచ్ 10 బఫర్‌ని (పీహెచ్, అంటే ఆమ్ల-క్షార స్థాయి, సులువుగా మారకుండా పట్టి ఉంచే ద్రావణాన్ని) ఏడాదంతా కలుపుతూనే ఉంటాం. ఏప్రిల్ దాటాక మాత్రం ఆ పని తీరు మారిపోతుంది. ఎండ వేడి అందులో వాడే అమోనియా సీసా మీదా పనిచేస్తుంది, పీహెచ్ మీటర్ చూపించే అంకె మీదా పనిచేస్తుంది. చాలామంది రెండోదాన్ని అసలు పట్టించుకోరు.

ముందు సీసా సంగతి. గాఢ అమోనియా అంటే నీటిలో కరిగి ఉన్న వాయువే. గది 40 డిగ్రీలకు చేరితే ఆ వాయువు మూత కింద ఒత్తిడి పెంచుతూ కూర్చుంటుంది. కొత్త సీసా సీలు అప్పుడు తీస్తే ద్రవం ఒక్కసారిగా పైకి చిమ్ముతుంది. అందుకే తెరవడానికి ముందు సీసాను ఐసు నీళ్లలో అరగంటైనా ఉంచండి. బయటికి తీసి తుడిచి, ఫ్యూమ్ హుడ్‌లో (ఆవిర్లను బయటికి లాగేసే గాజు అరలో) పెట్టి, మూత మీద తడిగుడ్డ కప్పి, మొహం పక్కకి పెట్టి మెల్లగా తిప్పండి. కళ్లద్దాలంటే చూపుకు పెట్టుకునేవి కాదు, పక్కలు కూడా మూసి ఉండే సేఫ్టీ గాగుల్స్. కరెంటు పోయి హుడ్ ఆగిందా, ఆ పూటకు ఆ పని వద్దు. సీలింగ్ ఫ్యాన్ వేసుకుని కిటికీ దగ్గర కానిచ్చేద్దాం అనుకుంటే, ఆ ఘాటు గదిలో ఉన్న అందరికీ పంచిపెట్టినట్టే.

కొలతలు తెలిసినవే: 17.5 గ్రాముల అమ్మోనియం క్లోరైడ్, 142 మిల్లీలీటర్ల గాఢ అమోనియా, మొత్తం 250 మిల్లీలీటర్లకు డిస్టిల్డ్ వాటర్. అమోనియాను మెజరింగ్ సిలిండర్‌తో కొలవండి. పిపెట్ తప్పదనుకుంటే రబ్బరు బల్బు ఉండాలి, నోటితో లాగడం ఎంత అలవాటున్నవాళ్లకైనా వద్దు. లవణం కరిగేటప్పుడు వేడిని లాగేసుకుంటుంది కాబట్టి బీకరు చేతికి చల్లగా తగులుతుంది. ఆ చల్లదనం మీదే ఫ్లాస్క్‌లో గీత దాకా నింపేయకండి. గది వేడికి వచ్చాక ద్రవం వ్యాకోచించి గీత దాటుతుంది.

ఇక అంకె. అమ్మోనియం అయాన్ పీకేఏ (బఫర్ పీహెచ్ ఎక్కడ నిలుస్తుందో నిర్ణయించే అంకె) 25 డిగ్రీల దగ్గర 9.25. వేడి ఒక్కో డిగ్రీ పెరిగినకొద్దీ అది సుమారు 0.03 చొప్పున పడిపోతుంది. అంటే 25 దగ్గర సరిగ్గా 10 ఉన్న బఫర్, 40 డిగ్రీల గదిలో 9.6 దరిదాపుల్లో ఉంటుంది. మీటర్‌కి ఉండే ఆటోమేటిక్ టెంపరేచర్ సర్దుబాటు ఎలక్ట్రోడ్ స్పందనను మాత్రమే దిద్దుతుంది, మీ బఫర్‌లో నిజంగా వచ్చిన మార్పును వెనక్కి తేదు. ఆ అంకె చూసి టెన్షన్ పడి ఇంకాస్త అమోనియా పోసేవాళ్లుంటారు. పోయకండి. గిన్నెడు చల్లటి నీళ్లలో బీకరు ఉంచి 25కి తెచ్చి, అదే వేడిలో మీటర్‌ని తెలిసిన పీహెచ్ ద్రావణాలతో కాలిబ్రేట్ చేసి, అప్పుడు చూడండి. ఎసిటిక్ ఆమ్లం, సోడియం ఎసిటేట్ కలిపి చేసే ఎసిటేట్ బఫర్‌కి ఈ బెడద దాదాపు లేదు, దాని పీకేఏ వేడికి పెద్దగా కదలదు.

ఎసిటేట్‌తో చిక్కు వేరే చోట ఉంది. గ్లేషియల్ (నీళ్లు కలపని) ఎసిటిక్ ఆమ్లం ఆవిరి 39 డిగ్రీల ప్రాంతంలో నిప్పు తగిలితే అంటుకుంటుంది. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం గది ఎంత వేడిగా ఉంటుందో చెప్పక్కర్లేదు. పక్క బల్ల మీద బన్సెన్ బర్నర్ వెలుగుతుండగా ఆ సీసా తీయకూడదు. చర్మం మీద పడితే అప్పటికి ఏమీ అనిపించకపోయినా బొబ్బలు తర్వాత లేస్తాయి కాబట్టి, మంట లేదని వదిలేయకుండా వెంటనే ధారగా నీళ్లు పోసి కడగాలి.

సోడియం ఎసిటేట్ డబ్బా మీద ట్రైహైడ్రేటా (స్ఫటికంలో నీరు ఉన్నదా), అన్‌హైడ్రసా (నీరు లేనిదా) అన్నది తూచడానికి ముందే చదవండి. 0.05 మోల్‌కి మొదటిదైతే 6.80 గ్రాములు, రెండోదైతే 4.10. ట్రైహైడ్రేట్ డబ్బా ముందు పెట్టుకుని 4.10 తూచితే, అంతే మోల్‌ల ఆమ్లంతో కలిపినప్పుడు 4.76 రావలసిన పీహెచ్ 4.54 దగ్గర ఆగుతుంది.

ఫ్లోరైడ్ పరీక్షలకు, అంటే నల్గొండ వైపు ల్యాబుల్లో నిత్యం ఉండే పనికి, ఎసిటిక్ ఆమ్లంలో గాఢమైన సోడియం హైడ్రాక్సైడ్ పోసి అక్కడికక్కడే లవణాన్ని పుట్టిస్తారు. అప్పుడు బాగా వేడి పుడుతుంది. బీకరును చల్లటి నీళ్ల తొట్టిలో ఉంచి, కొద్దికొద్దిగా పోస్తూ కలుపుతూ, 5.3 నుంచి 5.5 మధ్య ఆపాలి. తొందరపడి దాటించి, మళ్లీ ఆమ్లం పోసి వెనక్కి తెస్తే లవణం గాఢత లెక్క తప్పుతుంది.

అమోనియా బఫర్‌ని బిగుతు మూత ఉన్న సీసాలో, తేదీ రాసి, నీడలో పెట్టండి. మూత వదులైతే వాయువు పోయి పీహెచ్ దిగుతుంది. టైట్రేషన్‌లో (కాఠిన్యం కొలవడానికి ద్రావణాన్ని బొట్టుబొట్టుగా కలిపేటప్పుడు) సూచిక ద్రాక్ష ఎరుపు నుంచి నీలానికి రంగు చటుక్కున మారకుండా నానుస్తోందంటే ముందు బఫర్‌నే అనుమానించాలి. నెల దాటినదాన్ని నమ్మొద్దు.

పారబోసేటప్పుడు మాత్రం చాలా జాగ్రత్త. బ్లీచింగ్ పౌడర్ చల్లి కడిగిన సింకులో అమోనియా పోస్తే విషవాయువులైన క్లోరమీన్లు వస్తాయి. అయోడిన్ వ్యర్థాల జాడీలో పోస్తే ఏర్పడే నల్లటి పదార్థం ఆరాక చిన్న తాకిడికే పేలుతుంది. రెండింటికీ దూరంగా విడి జాడీ పెట్టి, దాని మీద పెద్ద అక్షరాలతో రాయండి. సాయంత్రం సింకు కడగడానికి వచ్చే అటెండర్‌కి నోటితో కూడా చెప్పండి.