పెన్నా ఒడ్డున నది చేసిన పనిని ఎలా గుర్తించాలి?

కడప ప్రాంతంలో పెన్నా ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకగానే కనిపిస్తుంది. నేలను కోసే పని, మేట వేసే పని ప్రధానంగా వరద వచ్చిన కొద్ది రోజుల్లోనే జరిగిపోతాయి కాబట్టి, వాటి ఆనవాళ్లను చూడటానికి ఎండాకాలమే అనువైనది. బయలుదేరే ముందు ఎగువ జలాశయాల నుంచి నీరు వదులుతున్నారేమో తప్పనిసరిగా విచారించుకోవాలి.

మొదట కోతను చూడాలి. అందుకు జమ్మలమడుగు దగ్గరి గండికోటను మించిన చోటు ఈ చుట్టుపక్కల లేదనే చెప్పాలి. కోట అంచుకు కాస్త ఎడంగా నిలబడి ఎదుటి గోడను పరిశీలిస్తే, పొరలు పొరలుగా ఉన్న గట్టి రాతిలో నిలువు పగుళ్లు కనిపిస్తాయి. ఇంత గట్టి రాతిని వట్టి నీరు అంతగా అరగదీయలేదు. వరద దొర్లించుకొచ్చే గులకరాళ్లూ ఇసుకా అడుగును ఒరుసుకుంటూ లోతు చేస్తుంటే, కింద ఆధారం పోయిన పక్కరాయి ఆ పగుళ్ల వెంట దిమ్మలుగా విరిగిపడుతుంది. గోడలు ఏటవాలుగా కాక నిట్టనిలువుగా మిగలడానికి ఇదే కారణం. లోయలో నీరు నిలిచి లేనప్పుడు అడుగున ఉన్న రాళ్లను గమనించాలి: అంచులు పదునుగా ఉన్నవి పక్కగోడ నుంచి రాలినవి, నున్నగా గుండ్రంగా ఉన్నవి నది దొర్లించి తెచ్చినవి.

తరువాత దిగువన, ఏరు వెడల్పయ్యే సిద్దవటం వైపు వెళ్లి, ఏదైనా ఒక మలుపు దగ్గర రెండు గట్లనూ పోల్చాలి. మలుపు వెలుపలి వైపు ప్రవాహం వేగంగా తాకడం వల్ల గట్టు కోసుకుపోయి చెట్ల వేళ్లు బయటపడతాయి. లోపలి వైపు వేగం తగ్గి ఇసుక తిన్నెలు ఏర్పడతాయి. వేగం రెట్టింపైతే నది కదిలించగల రాయి బరువు సుమారు 64 రెట్లు పెరుగుతుందని భూగోళ పాఠాలు చెబుతాయి. వేగం కొద్దిగా తగ్గినా మోస్తున్న బరువును నది ఎందుకు దించేస్తుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. పలుచని గులకరాళ్లు ఇంటి పెంకుల్లా ఒకదానిపై ఒకటి ఒరిగి ఉంటే, వాటి కింది అంచు ఎగువ వైపు ఉంటుంది. నీరు లేకపోయినా ప్రవాహం ఎటు సాగిందో దీనితో తెలుసుకోవచ్చు.

గట్టు మట్టిని పిడికెడు తెచ్చి, నీళ్ల సీసాలో వేసి బాగా కుదిపి కదపకుండా ఉంచాలి. ఇసుక నిమిషంలోపే అడుగుకు చేరుతుంది, సన్నని ఒండ్రుకు గంటలు పడుతుంది, బంకమట్టి మరునాటికీ నీటిని మసకగానే ఉంచవచ్చు. నదిలోనూ ముతకది ముందు ఆగిపోతుంది, మెత్తనిది దూరం పోతుంది.

ఒండ్రు పొలానికి మేలు చేసినా ఇసుక మేట అలా కాదు. 2021 నవంబరులో పెన్నా ఉపనది చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు దిగువ పొలాలను ఇసుక కప్పేసింది. ఆ ఇసుకను ఇంకా తొలగించని చోట, రైతు అనుమతితో చిన్న గుంత తవ్విస్తే, పైన వరద మేట, దాని కింద పాత సాగుమట్టి వేర్వేరు పొరలుగా కనిపిస్తాయి.