వెండి రూపాయిని గుర్తుపట్టడం: మూడవ పాఠం – 1911 నాటి ఏనుగు

గత పాఠంలో విలియం, విక్టోరియా రూపాయలను పోల్చి చూశాం. ఈసారి భూతద్దం, చిన్న త్రాసు, అయిదవ జార్జి బొమ్మ ఉన్న రూపాయి ఒకటి దగ్గర ఉంచుకోండి. విశాఖలో ఇవి పాత ఇళ్ల పూజామందిరాలలో దొరుకుతాయి. కురుపాం మార్కెట్‌లో కరిగించడానికి ఇచ్చేముందు ఒక్కసారి పరీక్షించడం మన బాధ్యత.

ముందు తూచండి. 1835 నాటి చట్టం రూపాయికి 180 గ్రెయిన్ల బరువును, అందులో పన్నెండింట పదకొండు వంతుల వెండిని నిర్ణయించింది. అంటే 11.66 గ్రాములు; పెద్దలెరిగిన తులం ఇదే, నేటి దుకాణాల పది గ్రాముల తులం కాదు. అరుగుదల వల్ల బరువు కాస్త తగ్గవచ్చు గాని, పెరిగితే అనుమానించవలసిందే.

ఇప్పుడు రాజు ధరించిన హారంలోని చిన్న ఏనుగు మీద భూతద్దం నిలపండి. 1911 రూపాయిలో దాని తొండం పొట్టిగా, మూతిలా పొడుచుకువచ్చి ఉంటుంది. 1912 నుంచి తొండం పొడవుగా కిందికి దిగుతుంది. ఆవగింజంత ఈ తేడాయే నాడు ప్రభుత్వాన్ని కలవరపెట్టింది. రాజు వస్త్రం మీద పంది బొమ్మ ఉందన్న మాట పాకి, అది మతానికి జరిగిన అవమానంగా జనానికి తోచింది. తూటాలకు పంది, ఆవు కొవ్వు పూశారన్న మాట 1857లో సిపాయిల తిరుగుబాటుకు నిప్పు రాజేసింది. పైగా 1905 బెంగాల్ విభజన మీద రేగిన ఆగ్రహం చల్లారక, 1911 డిసెంబరు 12న ఢిల్లీ దర్బారులో రాజే స్వయంగా దాని రద్దును ప్రకటించవలసి వచ్చింది. అలాంటి ఏడాదిలో ఏ పాలకుడూ ఈ బొమ్మను చిన్న విషయంగా తీసిపారేయలేడని నా అభిప్రాయం. కలకత్తా, బొంబాయి టంకశాలలలో ముద్రించిన సుమారు 94 లక్షల నాణేలలో బయటికి వెళ్లినవి 7 లక్షలే. మిగిలినవాటిని కరిగించి, అచ్చు మార్చారు.

తేదీ, ఏనుగు ఒకే మాట చెప్పాలి. వేరే రూపాయి మీద చివరి అంకెను గీకి 1911 చేయడం కష్టం కాదు గాని, తొండాన్ని పొట్టి చేయడం అంత సులువు కాదు. కాబట్టి 1911 అని ఉండి తొండం పొడవుగా కనబడితే ఆ తేదీని నమ్మకండి. మన సముద్రతీరపు తేమకు నాణెం నల్లబడిందని చింతపండుతో మాత్రం తోమకండి; ముందుగా అరిగేది ఆ ఏనుగే.

అభ్యాసం: బరువు, తేదీ రాసుకుని, తొండం ఆకారాన్ని కాగితం మీద గీయండి. ఆపై నాణేన్ని తిప్పి, అడుగున ఉన్న తామరపువ్వు కింద చుక్క ఉందేమో వెతకండి. ఉంటే బొంబాయిది, లేకుంటే కలకత్తాది.