గిట్టల జంతువు శిలాజాన్ని వర్గీకరించి, కొత్త జాతిగా పేరు పెట్టే విధానం

శిలాజం ఏ జంతువుదో తేల్చడం ఒక పని, దానికి పేరు పెట్టడం వేరే పని. మొదటిది శాస్త్రీయ అభిప్రాయం కాబట్టి కొత్త ఆధారం దొరికితే మారుతుంది. రెండోది అంతర్జాతీయ జంతు నామకరణ నియమావళి ప్రకారం జరిగే నమోదు కాబట్టి ఒకసారి సక్రమంగా జరిగితే సాధారణంగా మారదు. కొత్తగా ఈ రంగంలోకి వచ్చినవారు ఈ రెండింటినీ కలిపేయడం వల్లనే తొందరపాటు పేర్లు పుడుతున్నాయి. జమ్మూ ప్రాంతంలో రాజౌరీ జిల్లా కాలాకోట్ దగ్గర దొరికిన ఇండోహ్యూస్ ఈ తేడాను స్పష్టంగా చూపుతుంది. భూగర్భ శాస్త్రవేత్త ఎ. రంగారావు కొద్దిపాటి దంతాలు, దవడ ఎముక ఆధారంగా 1971లో ఆ పేరు పెట్టారు. ‘భారతదేశపు పంది’ అనే అర్థం వచ్చే ఆ పేరు నేటికీ అలాగే ఉంది, కానీ ఆ జంతువు స్థానం మాత్రం పందుల దరి నుంచి తిమింగలాల పక్కకు చేరింది.

పని మొదలయ్యేది శిలాజం నేలలో ఉండగానే. అది ఏ పొరలో, ఏ అక్షాంశ రేఖాంశాల దగ్గర, ఏయే ఎముకల పక్కన పడి ఉందో తీయకముందే రాసుకోవాలి, ఫొటోలు తీసుకోవాలి. పొర తెలియని ఎముకకు వయస్సు చెప్పలేము. ఒకే పొరలో అనేక జంతువుల ఎముకలు కలిసిపోయి ఉన్నప్పుడు, పక్కపక్కనే దొరికినంత మాత్రాన దవడనూ కాలి ఎముకనూ ఒకే జంతువుకు అంటగట్టకూడదు. పరిమాణం, కీళ్లు అమరే తీరు, ఆ పొరలో ఏ జంతువు దంతాలు ఎక్కువగా ఉన్నాయన్న లెక్క, ఈ మూడూ ఒకే వైపు చూపినప్పుడే అలా కలపాలి. కలిపిన ప్రతిసారీ ఆ కారణాన్ని వ్యాసంలో చెప్పాలి.

తరువాత దంతాలు. క్షీరదాల శిలాజాల్లో ఎక్కువగా నిలిచేవి అవే, ఎక్కువగా మోసం చేసేవీ అవే. ముందుగా అది పై దవడదా కింది దవడదా, కుడిదా ఎడమదా, అగ్రచర్వణకమా (ముందరి నమిలే పన్ను) చర్వణకమా (వెనుక నమిలే పన్ను), పాలపన్నా శాశ్వత దంతమా అన్నది నిర్ధారించుకోవాలి. సరి సంఖ్య గిట్టల జంతువుల కింది దవడలో ఒక ఉచ్చు ఉంది. వాటి చివరి పాలపన్నుకు మూడు లంబికలు, అంటే ఉబ్బెత్తు భాగాలు, ఉంటాయి, చివరి చర్వణకానికీ మూడే ఉంటాయి. చర్వణకంలో మూడో లంబిక వెనుక వైపు చిన్నదిగా ఉంటుంది, పింగాణి పొర మందంగా ఉంటుంది. పాలపన్ను ముందు నుంచి వెనక్కి వెడల్పవుతూ వస్తుంది, పింగాణి పలుచగా ఉంటుంది, కింద శాశ్వత దంతం ఎదగడానికి చోటిస్తూ వేళ్లు పక్కలకు విచ్చుకుని ఉంటాయి. ఈ తేడా గమనించకపోతే ఒక దూడ పాలపన్నును కొత్త జంతువుగా ప్రకటించే ప్రమాదం ఉంది.

అరుగుదలను కూడా అంతే శ్రద్ధగా చూడాలి. గుర్రాల వంటి ఎత్తైన దంతాల జంతువుల్లో నమిలే తలం మీద కనిపించే పింగాణి గీతల అమరిక వయస్సుతో మారిపోతుంది, దంతం పొడవు కూడా తగ్గుతుంది. కాబట్టి ఒకే స్థాయి వరకు అరిగిన దంతాలనే ఒకదానితో ఒకటి పోల్చాలి. కొలతలు వెర్నియర్ కాలిపర్‌తో మిల్లీమీటరులో పదో వంతు వరకు తీసుకుని, ఎక్కడి నుంచి ఎక్కడికి కొలిచారో కూడా రాయాలి.

జంతువు ఏ క్రమానికి చెందుతుందో చెప్పడంలో కాళ్లే పెద్ద సాక్ష్యం. గుర్రం, ఖడ్గమృగం, టేపిర్ వంటి బేసి గిట్టల జంతువుల్లో శరీర భారం మూడో వేలి మీదుగా దిగుతుంది. పంది, జింక, ఆవు వంటి సరి గిట్టల జంతువుల్లో మూడు, నాలుగు వేళ్ల మధ్యగా దిగుతుంది. చీలమండలోని ఆస్ట్రగలస్ ఎముక దొరికితే సందేహం దాదాపు తీరినట్టే. సరి గిట్టల జంతువుల్లో ఆ ఎముక పైనా కిందా కూడా కప్పీలా గాడి పడి ఉంటుంది. బేసి గిట్టల జంతువుల్లో పైభాగానికే ఆ గాడి ఉంటుంది, కింది ముఖం జీను ఆకారంలో ఉంటుంది. తొలి తిమింగలాల కాళ్లలో ఈ రెండు కప్పీల ఎముక ఉన్నట్టు 2001లో బయటపడినప్పుడే, తిమింగలాలు సరి గిట్టల జంతువుల వంశానివేనన్న వాదనకు ఎముకల సాక్ష్యం దొరికింది.

ఇండోహ్యూస్ సంగతి ఇక్కడే మలుపు తిరిగింది. రంగారావు సేకరించి పగలగొట్టకుండా ఉంచిన రాళ్లను ఆయన మరణానంతరం భార్య పరిశోధనకు అప్పగించారు. వాటిని శుభ్రం చేస్తుండగా బయటపడిన చెవి ఎముక లోపలి అంచు, అప్పటివరకు తిమింగలాలకే ప్రత్యేకమనుకున్న తీరులో, మందంగా ఉంది. కాలి ఎముకల గోడలు కూడా నీటిలో ఎక్కువ సమయం గడిపే జంతువులకు ఉన్నట్టు మందంగా ఉన్నాయి. శిలాజ శాస్త్రవేత్త థెవిసెన్ బృందం 2007లో దీన్ని ప్రచురించింది. సుమారు 4.8 కోట్ల సంవత్సరాల నాటి ఈ చిన్న జంతువు కుటుంబమే తిమింగలాలకు అతి దగ్గరి బంధువు అన్నది వారి నిర్ణయం. ఒక గుంపుకే సొంతమని పుస్తకాలు చెప్పే లక్షణం కూడా రేపు మరొక గుంపులో కనబడవచ్చని దృష్టిలో ఉంచుకునే నిర్వచనాలు రాయాలి.

ఇప్పుడు అసలు ప్రశ్న: ఇది నిజంగా కొత్త జాతేనా? దీనికి జవాబు కేవలం ప్రచురితమైన బొమ్మలు చూసి చెప్పకూడదు. దగ్గరి జాతులన్నిటి హోలోటైపులను, అంటే ఆ పేర్లకు ఆధారంగా నిర్దేశించిన నమూనాలను, మ్యూజియంలో స్వయంగా చూడాలి, వీలుకాకపోతే వాటి అచ్చులనో సి.టి. స్కాన్‌లనో తెప్పించుకోవాలి. ఒకే జాతిలోని దంత కొలతలకు విచలన గుణకం, అంటే కొలతలు సగటు చుట్టూ ఎంత శాతం చెదిరి ఉన్నాయో చెప్పే సంఖ్య, సాధారణంగా 4 నుంచి 10 వరకు ఉంటుంది. మీ కొత్త నమూనాను పాత జాతితో కలిపి లెక్కించినా గుణకం ఆ పరిధి దాటకపోతే పరిమాణం ఒక్కదాని మీద కొత్త జాతిని నిలబెట్టలేరు. కొమ్ముల్లోనూ కోరల్లోనూ ఆడ, మగ తేడాలు పెద్దవిగా ఉంటాయన్నది కూడా మరవరాదు. నా అభిప్రాయంలో, ఒక్క విరిగిన దంతం మీద పేరు పెట్టడం కంటే ప్రజాతి వరకు గుర్తించి జాతి అనిర్ధారితమని రాసి వదిలేయడమే నిజాయతీ గల పని.

బంధుత్వం తేల్చడానికి లక్షణాల పట్టిక తయారు చేసి, దూరపు బంధువును పోలికకు పెట్టి, కంప్యూటర్ విశ్లేషణతో వంశవృక్షం గీస్తారు. జాగ్రత్త పడవలసింది పోలికల విషయంలో. డార్విన్ 1834లో దక్షిణ అమెరికాలోని పటగోనియాలో సేకరించిన మాక్రాకీనియా అనే అంతరించిన గిట్టల జంతువు మెడ ఎముకల్లో శరీర నిర్మాణ శాస్త్రవేత్త రిచర్డ్ ఓవెన్ 1838లో ఒంటెల పోలిక చూశారు. అయితే 2015లో ఎముకల్లోని కొల్లాజెన్ ప్రోటీన్‌ను పరిశీలించినప్పుడు ఆ జంతువు గుర్రాలు, ఖడ్గమృగాల వైపు బంధువని తేలింది. ఒకే రకమైన జీవనం రెండు వంశాల్లో ఒకే రకమైన ఎముకను తయారు చేయగలదు. ప్రోటీన్లు చాలా పాత శిలాజాల్లో మిగలవు కనుక, అలాంటి చోట్ల శరీరంలోని వేర్వేరు భాగాల లక్షణాలు పట్టికలో ఉండేలా చూసుకోవడమే మార్గం.

పేరు విషయానికి వస్తే, ప్రజాతి పేరూ జాతి పేరూ కలిసి రెండు మాటలు ఉండాలి. విశేషణమైన జాతి పేరు ప్రజాతి పేరు లింగాన్ని అనుసరించాలి. శిలాజ పరిశోధకులు ఫాల్కనర్, కాట్లీ 1836లో శివాలిక్ కొండల జంతువుకు పెట్టిన శివథీరియం అనే పేరు నపుంసక లింగం కాబట్టి జాతి పేరు జైగాంటియం అయింది. పురుషుడి గౌరవార్థం పెడితే సాధారణంగా చివర ‘ఇ’, స్త్రీ అయితే ‘ఏ’ చేరుతుంది. ఇండోహ్యూస్ జాతి పేరైన ఇందిరే రెండో కోవలోనిది. ఊరి పేరు పెట్టడం పాత అలవాటు. బేతంచెర్ల దగ్గరి బిల్ల సర్గం గుహల ఖడ్గమృగానికి శిలాజ శాస్త్రవేత్త లైడెకర్ 1886లో రైనోసెరాస్ కర్నూలియెన్సిస్ అని పేరు పెట్టారు. మీరు ఎంచుకున్న ప్రజాతి పేరు కీటకాలతో సహా ఏ జంతువుకూ ఇప్పటికే ఉండకూడదు. తన పేరు తానే పెట్టుకోవడాన్ని నియమావళి నేరుగా నిషేధించలేదు గానీ, రంగంలో ఎవరూ హర్షించరు.

వ్యాసంలో తప్పక ఉండవలసినవి ఇవి: ఇది కొత్త జాతి అన్న స్పష్టమైన ప్రకటన, ఇతర జాతుల నుంచి వేరు చేసే లక్షణాల నిర్వచనం, హోలోటైప్ ఏదన్న నిర్దేశం, అది ఏ మ్యూజియంలో ఉందో తెలిపే వాక్యం. కొత్త ప్రజాతి కూడా అయితే దాని ఆధార జాతిని, అంటే ఆ ప్రజాతి పేరుకు ఆధారంగా నిలిచే జాతిని, పేర్కొనాలి. ఎలక్ట్రానిక్ ప్రచురణ 2012 నుంచి చెల్లుతోంది, కానీ ముందుగా జూబ్యాంక్ అనే జంతు నామాల ఆన్‌లైన్ రిజిస్టరులో నమోదు చేసి, ఆ ఆధారాన్ని వ్యాసంలోనే చూపాలి. సదస్సు సారాంశాల్లో కొత్త పేరు ముందే వాడకండి. అది చెల్లని పేరుగా ప్రచారంలోకి వెళ్లి తరువాతివారిని తికమక పెడుతుంది.

గుజరాత్‌లోని వస్తాన్ లిగ్నైట్ గని జంతువుకు 2005లో కాంబేథీరియం అని పేరు వచ్చింది. మరుసటి ఏడాది మరో బృందం అదే గని నుంచి ఇండోబ్యూన్‌ను వర్ణించింది. రెండూ ఒకటేనని తేలాక, ముందు ప్రచురితమైన కాంబేథీరియమే నిలిచింది. ఒకే గని మీద రెండు బృందాలు పని చేస్తున్నప్పుడు ఇలా జరగడం సహజం. అందుకే ప్రచురణతో పాటు కొలతలు, లక్షణాల పట్టిక, స్కాన్‌లు అందరికీ అందుబాటులో ఉంచాలి, హోలోటైప్ అచ్చులను కనీసం మరొక మ్యూజియానికి పంపాలి.